అశ్వత్థామతో మాటాడువారు: మాజీ సైనికుల తీరని నొప్పియు, టెలిఫోను చికిత్సయు

(స్మారకోపన్యాస పాఠము)



ఈ ధర్మనిధిని నెలకొల్పిన కుటుంబమువారు నాకు రెండు నిబంధనలు విధించిరి. ఎవరి స్మృతికై ఈ ఉపన్యాసము జరుగుచున్నదో ఆ సైనికవైద్యుని పేరు వేదికపైగాని అచ్చులోగాని రాకూడదన్నది మొదటిది; అది ఆయన బ్రతికియున్నప్పటి కోరికయేనట. ఉపన్యాసము ఆయనను గూర్చి కాక, ఆయన రోగులను గూర్చి ఉండవలెనన్నది రెండవది. మొదటి నిబంధనను పాటించుట సులభము. రెండవదానిని గూర్చి చాల దినములు ఆలోచించితిని. యుద్ధరంగమున తగిలిన గాయమును, దానిని కుట్టిన వైద్యుని నేర్పును వర్ణించువారు ఎందరో కలరు. యుద్ధము ముగిసి, పుండు మాని, పింఛను మొదలై, మనుమలు పుట్టిన తరువాత కూడ రాత్రి రెండు గంటలకు లేపి కూర్చుండబెట్టు నడుము సలుపును గూర్చి చెప్పువారు మాత్రము అరుదు. ఆ నొప్పికి మాటచేత, అందును ముఖము కానరాని టెలిఫోను మాటచేత, చికిత్స చేయు ప్రయత్నము అమెరికా దేశపు మాజీ సైనికుల ఆసుపత్రులలో కొన్నియేండ్లుగా శ్రద్ధతో సాగుచున్నది. నేటి ప్రసంగమునకు దానినే విషయముగా ఎంచుకొంటిని.

మన భారతమున తీరని నొప్పితో కాలము గడపిన యోధులు ఇరువురు కలరు. మొదటివాడు అంపశయ్యపైనున్న భీష్ముడు. ధర్మములు బోధింపుమని కృష్ణుడు కోరినప్పుడు, బాణముల బాధచేత బుద్ధి నిలుచుటలేదు, మాట పెగలుటలేదు అని ఆ మహావీరుడు దాపరికము లేక చెప్పుకొనెను; ఆ బాధను కృష్ణుడు వరమిచ్చి తొలగించిన పిమ్మటనే శాంతిపర్వపు ధర్మబోధ కదలినది. రెండవవాడు అశ్వత్థామ. మణి ఊడబెరికిన నొసటి గాయము ఎన్నటికిని మానదని జనులు చెప్పుకొందురు. చీమునెత్తురుల కంపుతో, సర్వవ్యాధులతో తిరుగుమన్న శాపమును మనమందరము ఎరుగుదుము. అయితే సౌప్తికపర్వములో ఆ శాపము అంతటితో ముగియలేదు. మూడువేల యేండ్లు తోడెవ్వరును లేక, ఎక్కడను ఎవ్వరితోను సంభాషణ దొరకక, నిర్జనదేశములందు సంచరింపుమనియు కృష్ణుడు పలికెను. అశ్వత్థామ నిద్రించువారిని చంపిన పాపి. ఆతనిపై జాలిపడుడని నేను కోరుట లేదు, మన సిపాయిలను ఆతనితో పోల్చుటయు లేదు. నన్ను ఆకర్షించినది శాపము కూర్చిన తీరు. దేహబాధ ఒక్కటియే శాపమునకు చాలదనియు, మాటాడువాడు లేకుండుటను దానికి జతచేసినగాని అది నిండదనియు తలంచిన ఆ కవికి నొప్పి యొక్క స్వభావము ఆసుపత్రి గోడలమధ్య బ్రతికిన మాబోటి వారికంటె బాగుగా తెలియును. భీష్మునికి చుట్టును వినువారు. అశ్వత్థామకు ఎవరును లేరు. నేను చెప్పబోవు వైద్యమంతయు ఆ ఇద్దరి నడుమనున్న దూరమును గూర్చినదే.

వైద్యశాస్త్రము నొప్పిని గూర్చి నేర్చినదానిలో పెద్దపాలు సైనికుల దేహములనుండి నేర్చినదే. అమెరికా అంతర్యుద్ధకాలమున ఫిలడెల్ఫియా నగరమందలి టర్నర్స్ లేన్ ఆసుపత్రిలో నరములు దెబ్బతిన్న సిపాయిలకు చికిత్స జరిగెడిది. అచట పనిచేసిన సైలస్ వియర్ మిచెల్ తన సహచరులిద్దరితో కూడి 1864లో ఆ గాయములను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. గుండు నరమును ఒరసికొని పోయిన చేయి, పుండు మానిన పిదప కూడ, నిప్పులలో పెట్టినట్లు మండుచుండుటను ఆతడు చూచి దానికి కాసాల్జియా అని పేరిడెను. ఆ మంటకు తాళలేక సిపాయిలు తడిగుడ్డను చేతినుండి వదలెడివారు కారట. బూట్లలో నీళ్ళు పోసికొని నడచినవారును ఉండిరట. పక్కమంచముపైనున్నవాడు వార్తాపత్రిక మడచిన చప్పుడు, గదిలో మరియొకరి అడుగుల అదురు, వీధిలో బ్యాండుమేళపు మ్రోత, ఇవన్నియు వారి నొప్పిని పెంచెడివి. కోసివేసిన కాలి వ్రేళ్ళు తీపుతీయుచున్నవని చెప్పిన సిపాయిల మాటను వెఱ్ఱిమాటగా త్రోసివేయక, ఆ లేని అవయవమునకు ఆంగ్లమున 'ఫాంటమ్ లింబ్' అని పేరు పెట్టినవాడును ఆతడే. రోగి చెప్పినదానిని నమ్మి వ్రాసికొనుట ఆ రోజులలో చిన్న విషయము కాదు.

రెండవ ప్రపంచయుద్ధములో, 1944లో, ఇటలీ తీరమందలి ఆంజియో యుద్ధభూమిలో హెన్రీ బీచర్ అను మత్తుమందు వైద్యుడు మరియొక వింతను చూచెను. తీవ్రముగా గాయపడి తెచ్చిన సిపాయిలను, నొప్పికి మందు కావలెనా అని అడిగినచో, నూటికి డెబ్బదియైదుగురు వలదనిరి. వారు స్పృహ లేనివారు కారు. సూది గ్రుచ్చినప్పుడు అందరివలెనే ఉలికిపడెడివారు. యుద్ధానంతరము సామాన్య పౌరులను, శస్త్రచికిత్సవలన ఇంతకంటె చిన్న గాయములైనవారిని, అదే ప్రశ్న అడుగగా మందు కోరినవారే ఎక్కువమంది. దీనికి బీచర్ చెప్పిన కారణము నేటికిని గొప్పది. సిపాయికి ఆ గాయము చావునుండి విడుదల, ఇంటికి టిక్కెట్టు. పౌరునికి అదే గాయము విపత్తునకు మొదలు. గాయము పరిమాణము కాదు, గాయమునకు మనస్సు చెప్పుకొన్న అర్థము నొప్పిని నిర్ణయించుచున్నది. ఇట్లు ఆలోచించినచో ఒక ప్రశ్న బీచర్ అడుగకయే మిగిలియున్నది. ఆంజియోనుండి ఇంటికి చేరిన ఆ సిపాయికి ఇరువదేండ్ల తరువాత, ఉద్యోగము కుదరక, భార్య విసిగిపోయి, తనతో పనిచేసినవారు ఒక్కరును దగ్గర లేక, అదే తొడ సలుపుచున్నప్పుడు దానికి అతడు ఏమి అర్థము చెప్పుకొనును? అప్పుడది విడుదల కాదుగదా.

ఆ యుద్ధకాలమునందే వాషింగ్టన్ రాష్ట్రమున మాడిగన్ సైనికాసుపత్రిలో పనిచేసిన జాన్ బోనికా కథయు ఇట్టిదే. ఆతడు వైద్యవిద్యకు డబ్బు కూర్చుకొనుటకై ముసుగు వేసికొని కుస్తీలు పట్టినవాడు. ఆ కుస్తీల దెబ్బలు జీవితాంతము ఆతనిని బాధించినవి. సిపాయిల నొప్పిని ఒక్కొక్క నిపుణుడు ఒక్కొక్క ముక్కగా చూచుచున్నాడని, అందరును ఒకచోట కూర్చుండి చూడవలెనని గ్రహించి, 1953లో నొప్పి చికిత్సపై పెద్ద గ్రంథము వ్రాసెను. 1965లో కెనడా దేశీయుడు రొనాల్డ్ మెల్జాక్, ఆంగ్లేయుడు పాట్రిక్ వాల్ కలసి ప్రతిపాదించిన ద్వారసిద్ధాంతము ఈ పరిశీలనలకు ఒక శరీరధర్మపు పునాదిని కల్పించినది. దెబ్బతగిలిన చోటనుండి బయలుదేరిన వార్త వెన్నుపాములో ఒక వాకిలి దాటవలెను. ఆ వాకిలిని తెరచుటకును మూయుటకును క్రిందినుండి వచ్చు స్పర్శకే కాక, పైనుండి మెదడు పంపు ఆజ్ఞకును అధికారము కలదు. భయము, నిరాశ, నిద్రలేమి వాకిలిని బార్లా తెరచును. ధైర్యము, వ్యాపకము, విశ్రాంతి దానిని కొంతవరకు మూయును. సిద్ధాంతములోని వివరములు తరువాత చాల మారినవి. తలుపునకు లోపలివైపునను గడియ కలదన్న మూలవిషయము నిలిచియున్నది.

అయినను వైద్యులు రోగులకు ఆ గడియ వేయుట నేర్పకపోయిరి; మందు ఇచ్చిరి. ఈ అధ్యాయము బాధాకరమైనది గాన త్వరగా దాటెదను. 1999లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు నాడి, శ్వాస, ఉష్ణము, రక్తపుపోటులతో పాటు నొప్పిని అయిదవ ప్రాణలక్షణముగా ఎంచి, ప్రతి రోగిని సున్నా మొదలు పది వరకు ఒక అంకె చెప్పుమని అడుగ నారంభించెను. ఉద్దేశము మంచిదే. కాని అంకె అడిగిన వైద్యునకు ఆ అంకెను దించు ఉపాయములలో సులభమైనది నల్లమందు జాతి మాత్ర. ఆ మాత్ర వ్యసనమైన తరువాతి కథ లోకమెరిగినదే. 2013లో ఆ ఆసుపత్రులే ఆ మందుల వాడకమును తగ్గించు ఉద్యమము ప్రారంభించినవి. 2018లో మినియాపొలిస్ ప్రాంతమున నడుమునొప్పి, తుంటి మోకాలి కీళ్ళ నొప్పులు గల 240 మంది మాజీ సైనికులపై ఒక సంవత్సరము నడపిన పరీక్షలో నల్లమందు జాతి మందులు సాధారణమైన నొప్పిమాత్రలకంటె ఏమాత్రమును మెరుగు కాదని తేలెను. దుష్ఫలితములు మాత్రము ఎక్కువ.

ఇక మాట చికిత్స. చరకుడు సూత్రస్థానమున చికిత్సలను మూడు విధములుగా చెప్పెను: దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము. అహితమైన విషయములనుండి మనస్సును మరలించుట మూడవదాని లక్షణము. పేరు పెట్టినంత విరివిగా దానిని మన వైద్యులు వివరింపలేదని నా అభిప్రాయము. ఈ మాటకు ఆయుర్వేద పండితులు నన్ను క్షమింతురుగాక. ఇరువదవ శతాబ్ది రెండవ భాగమున ఫిలడెల్ఫియాలోనే ఏరన్ బెక్ అను మనోవైద్యుడు దిగులుతో బాధపడువారికై రూపొందించిన పద్ధతి క్రమముగా నొప్పి చికిత్సకు వచ్చినది. అందరును సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనుచున్నది ఇదియే. ఇది ఓదార్పు కాదు, ఉపదేశము కాదు, బాల్యమును త్రవ్వుట అంతకంటె కాదు. వారమునకొకసారి ముప్పాతిక గంటసేపు జరుగు ఒక విధమైన శిక్షణ. సిపాయికి శిక్షణ అను మాట కొత్తది కాదు గాన ఆతనికి ఇది మింగుడుపడును.

శిక్షణలో ఏమేమి ఉండునో ఒక ఉదాహరణముచే చెప్పెదను. నడుమునొప్పి గల మనిషి సాధారణముగా రెండే గతులు ఎరుగును. నొప్పి తక్కువగానున్న దినమున పెరడంతయు త్రవ్వును. మరునాడు మొదలు మూడుదినములు మంచము పట్టును. ఇట్లు పలుమార్లు జరిగిన పిదప, త్రవ్వుటయే తన శత్రువని నిశ్చయించుకొని ఏ పనియు చేయక మానును. కండలు సడలును, నిద్ర చెడును, నొప్పి మరింత పెరుగును. చికిత్సకుడు ఆతనితో, నొప్పిని చూచి పని ఆపవలదు, గడియారమును చూచి ఆపుము అనును. పదునైదు నిమిషములు త్రవ్వి, నొప్పి ఉన్నను లేకున్నను అయిదు నిమిషములు కూర్చుండుము; వారమునకు ఒక్కొక్క నిమిషము పెంచుము. ఇంత చిన్నమాట. కాని ఆపదలో కూడ ఆగరాదని నేర్చిన సిపాయికి బాగున్నప్పుడు ఆగుట ఎంత కష్టమో సైనికులతో పనిచేసినవారు ఎరుగుదురు. తరువాత శ్వాసను కడుపులోతునుండి తీసికొనుట, కండరములను ఒక్కొక్కటిగా బిగించి వదలుట, నిద్రవేళలను సరిదిద్దుట. ఆ తరువాతది కఠినమైనది: "ఈ నొప్పితో నా బ్రతుకు ముగిసినది" అని తనలో తాను రోజుకు నూరుసారులు అనుకొను వాక్యమును పట్టుకొని, ముందు నిలిపి, అది నిజమా అని అడుగుట. చివర, నొప్పి మరల విజృంభించు దినమునకై ముందుగానే ఒక పథకము వ్రాసి పెట్టుకొనుట.

దీనికి టెలిఫోను ఎందుకు? అమెరికాలోని మాజీ సైనికులలో ఇంచుమించు నాలుగవ వంతు పల్లెలలో నివసించువారు. మోంటానా రాష్ట్రమొక్కటియే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశముకంటె చాల పెద్దది. ఆ రాష్ట్రపు మాజీ సైనికుల ప్రధానాసుపత్రి హెలెనా పట్టణము దగ్గర ఫోర్టు హారిసన్‌లో కలదు. నడుమునొప్పిగలవానిని నడుమునొప్పి చికిత్సకై మంచుదారిలో నాలుగుగంటలు కారులో కూర్చుండబెట్టుటకంటె పరిహాసము మరియొకటి లేదు. దూరముకంటె పెద్ద కారణము మరియొకటి కలదు. నొప్పిని దాచుట సైన్యమున నేర్పు విద్య. మానసికవైద్యుని గది వాకిట బెంచిపై కూర్చుండుట ఆ విద్యకు విరుద్ధము. అచట ఎవడో పాత పరిచయస్థుడు చూడకమానడు. తన వంటగదిలో, తన కుర్చీలో, కుక్క పాదములవద్ద పండుకొనియుండగా, రిసీవరు చెవికి పెట్టుకొన్నవానికి ఆ సంకటము లేదు. ఎదుటివాని కన్నులలో జాలి కనబడదు గాన జాలిని భరింపవలసిన పనియు లేదు. ముఖము లేకపోవుట టెలిఫోను లోపమని మొదట అందరమును అనుకొంటిమి. కొందరికది దాని ప్రధానగుణము.

ఈ సంగతి లండను నగరమున 1953లోనే ఒక క్రైస్తవ పురోహితుడు గుర్తించియుండెను. ఆత్మహత్యకు సిద్ధమైనవారు తనకు ఫోను చేయవచ్చునని చాడ్ వారా సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రుక్ చర్చినుండి ప్రకటించెను. అదియే తరువాత సమారిటన్స్ అను సంస్థయైనది. వచ్చినవారు ఆయన గది ముందు వేచియుండగా, టీ ఇచ్చి కబుర్లు చెప్పుటకు కొందరు స్వచ్ఛందసేవకులుండిరి. ఆ సేవకులతో మాటాడిన పిమ్మట చాలమంది పురోహితుని చూడనక్కరలేకయే వెడలిపోవుచుండుట కొలదికాలమునకు ఆయన గమనించెను. ఈ ఘటనను మనస్సులో ఉంచుకొనుడు. మరల దీనికే రావలసియున్నది.

శాన్ ఫ్రాన్సిస్కో మాజీ సైనికుల ఆసుపత్రివారు 2013లో ప్రకటించిన పరీక్షలో తీరని నొప్పిగల వయసుమళ్ళిన మాజీ సైనికులు 98 మందిని రెండు భాగములు చేసిరి. ఒక భాగమునకు టెలిఫోనుద్వారా సీబీటీ. రెండవ భాగమునకు టెలిఫోనుద్వారానే నొప్పిని గూర్చిన పాఠములు: వెన్నుపూస ఎట్లుండును, నొప్పి ఎట్లు పుట్టును మొదలైనవి. రెండు భాగములవారికిని నొప్పియు దిగులును కొంత తగ్గినవి. ఒక భాగమునకును మరొకదానికిని చెప్పుకోదగిన భేదము కానరాలేదు. పరిశోధకులకు ఇట్టి ఫలితము నిరాశ కలిగించును. నాకు మాత్రము ఈ పరీక్షయే అన్నిటికంటె ఎక్కువ నేర్పినది. వాల్‌బ్రుక్ చర్చిలో టీ ఇచ్చినవారి కథయే ఇది. నియమిత దినమున, నియమిత వేళకు, నొప్పిని గూర్చి తెలిసిన ఒక గొంతు తనకై మ్రోగుననుటలోనే చికిత్సలో ఒక భాగమున్నది. సిద్ధాంతము పుస్తకములో ఏమున్నను, ఆ గంట మ్రోగుట ముఖ్యము.

కనెటికట్ రాష్ట్రమున వెస్ట్ హేవెన్ ఆసుపత్రివారు 2017లో ప్రకటించిన పరీక్ష మరియొక అడుగు ముందుకు వేసినది. నడుమునొప్పిగల 125 మందిలో కొందరికి ఎదురెదురుగా కూర్చుండి చికిత్స చేసిరి. తక్కినవారు చికిత్సకుని చూడనే లేదు. వారికి ప్రతిదినమును యంత్రము ఫోను చేయును. నిన్నటి నొప్పి ఎంత, నిద్ర ఎంత, అడుగులు లెక్కించు పరికరము ఎన్ని అడుగులు చూపినది, ఇవి బొత్తాములు నొక్కి చెప్పవలెను. ఆ అంకెలు చూచి వారమునకొకసారి చికిత్సకుడు తన గొంతుతో రికార్డు చేసిన నాలుగుమాటలను వారు విందురు. ఫలితమున ఇరుపక్షములును సమానముగానే తేలినవి. పైగా ఫోను పక్షమువారే ఎక్కువ పాఠములు పూర్తిచేసిరి. ఎంత మేలు కలిగినదని మీరు అడుగవచ్చును. పదిమెట్ల కొలతపై ఒక మెట్టునకు లోపుగానే నొప్పి దిగినది. ఇదియేనా అని పెదవి విరుచువారికి నా సమాధానమిది: పదియేండ్లుగా ఎనిమిదవ మెట్టుపై నిలిచియున్నవానికి మెట్టులో ముప్పాతిక దిగుట ఎట్లుండునో ఆతనినే అడుగవలెను. అయినను, టెలిఫోను చికిత్స నొప్పిని మాన్పునని ఎవరైన చెప్పినచో నమ్మకుడు.

2022లో వెలువడిన మరియొక పరీక్షలో, మాజీ సైనికులు పెద్దపాలుగా గల 278 మందిని తీసికొని, కొందరికి పదివారములును ముప్పాతికగంట ఫోను చికిత్స ఇచ్చిరి. తక్కినవారి విషయమున, ఈ వారము పూర్తిగా మాటాడవలెనా, పదునైదు నిమిషములు చాలునా, రికార్డు చేసిన మాటతో సరిపెట్టవచ్చునా అన్నది ఒక కృత్రిమమేధ నిర్ణయించినది. వారు నొక్కిన అంకెలనుండి అది నేర్చుకొనుచు పోయెను. చికిత్సకుల కాలము సగమునకు మించి మిగిలినది, ఫలితమేమియు తగ్గలేదు. యంత్రము నిర్ణయించుట విని కొందరు పెద్దలు కలవరపడుచున్నారు. యంత్రమే చికిత్సకుడై మాటాడినచో నేనును కలవరపడుదును. ఇచట అది ఎవరికి మనిషి ఎక్కువ కావలెనో పోల్చుకొన్నది, అంతే. మంచి నర్సు వార్డులో ఒక చూపు త్రిప్పి చేయుపని అదియే.

మాజీ సైనికులకు మాత్రమే పరిమితము కాని ఒక పెద్ద పరీక్ష 2025లో వెలువడినది. అందు పాల్గొన్నవారు 2331 మంది; వారిలో ఒక భాగముతో శిక్షణ ఇచ్చువారు ఫోనులోనో వీడియోలోనో మాటాడిరి. మూడునెలలకు నొప్పి తీవ్రత నూటికి ముప్పది పాళ్ళు గాని అంతకుమించి గాని తగ్గినవారు ఫోను శిక్షణ పొందినవారిలో నూటికి 32, తమంత తాము కంప్యూటరుపై నేర్చుకొన్నవారిలో సుమారు 27, మామూలు వైద్యముతో ఉన్నవారిలో సుమారు 21. అదే పాఠము; గొంతు తోడైనచోట అయిదుగురు ఎక్కువ.

ఇచట ఒక సొంతకథ చెప్పుటకు సెలవిండు. అది సాక్ష్యము కాదు, జ్ఞాపకము మాత్రమే. మా పెదనాన్నగారు సైన్యమున లారీ నడపినవారు. 1965 యుద్ధమునుండి తొడలో ఒక ఇనుపముక్కతో ఇంటికి వచ్చిరి. ఊరిలో ఆయన పేరు మిలిటరీ పెదనాన్న. ఎవరైన ఎట్లున్నదని అడిగినచో బాగానే ఉన్నదనెడివారు. చలికాలపు రాత్రులలో అరుగుపై అటునిటు నడచుచు ఆయన కాళ్ళీడ్చు చప్పుడు పిల్లలమైన మాకు మాత్రమే తెలియును. నెలకొకసారి రెండుమైళ్ళ దూరమునున్న పోస్టాఫీసుకు, ఒక మలయాళీ మిత్రుడు, ఆయనతో లారీ నడపినవాడు, పీపీ కాలు బుక్ చేసెడివాడు. ఊతకర్రతో మా పెదనాన్న ఆ రెండుమైళ్ళు నడచెడివారు. మూడు నిమిషములు కాగానే ఆపరేటరు మధ్యలో దూరును. మరి మూడు నిమిషములకు డబ్బు కట్టెదనని ఆ మిత్రుడు అటునుండి కేకలు వేయును. వారు మాటాడినదంతయు టైర్లు, ఇంజనులు, క్యాంటీను రమ్ము, ఒక సుబేదారును గూర్చిన బూతులు. అదియు మిలిటరీ హిందీలో. నొప్పి అన్న మాట ఒక్కమారైన వినబడలేదు. తిరుగుదారిలో కర్రను ఆయన చంకలో పెట్టుకొని నడచుట నేను చూచితిని. ఎందుకని అప్పుడు అడుగలేదు.

దోషములును చెప్పవలెను. అమెరికా మాజీ సైనికులు పరిహారమునకై చూపు వైకల్యములలో అన్నిటికంటె ముందున్నది చెవిలో హోరు. ఫిరంగుల చప్పుడు వారి వినికిడిని తినివేసినది. అట్టివారికి టెలిఫోనుతో వైద్యమన్నప్పుడు, చెవి వినబడుచున్నదా అని మొదట అడుగనివాడు వైద్యుడు కాడు. ఇంటిలో భార్య, కోడలు వినుచుండగా మాటాడలేనివారు కలరు. ముఖము కనబడదు గాన, మౌనము వచ్చినప్పుడు అది ఆలోచనయో, కన్నీరో, లైను తెగుటయో చికిత్సకునకు తెలియదు. చావు తలంపు ఉన్నవానికి వారమునకొక పిలుపు చాలదు. అది వేరు ఏర్పాటు.

మన దేశమునకు వత్తము. మాజీ సైనికుల వైద్యమునకై ఈసీహెచ్ఎస్ అను పథకము 2003 ఏప్రిల్ 1న మొదలైనది. పాలీక్లినిక్కు మందుల వరుసను మీలో పలువురు ఎరుగుదురు. టెలి మానస్ అను మానసిక సహాయ టెలిఫోను సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. సైన్యమునకును, సైనిక కుటుంబములకును పుణె సైనికవైద్య కళాశాలలో దాని ప్రత్యేకశాఖ 2023 డిసెంబరు 1న తెరువబడినది. అది ముఖ్యముగా దిగులుకై ఏర్పడినది. నడుము సలుపునకు అచట ఫోను చేయవచ్చునని మన పింఛనుదారులు అనుకొనరు. నొప్పి దేహమునదనియు దిగులు మనస్సునదనియు పంచిపెట్టిన మన అలవాటు దానికి కారణము.

మరియొక అవసరము కలదు. మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించు ఆంగ్లపదములు 78 ఏరి, ఇరువది తెగలుగా కూర్చి, ఒక ప్రశ్నావళి చేసెను. టెలిఫోనులో వైద్యునకు రోగి మాట తప్ప మరేమియు లేదు గాన ఆ మాటలే అచట నాడియు, ఎక్స్‌రేయు. తెలుగున ఎన్ని లేవు! సలుపు, పోటు, తీపు, మంట, చిమచిమ, చురుకు, గుంజుట, లాగుట, పీకుట, పట్టివేయుట, కలుక్కుమనుట, జివ్వుమనుట. సలుపునకును తీపునకును భేదము తెలియని యువవైద్యుని నేనెరుగుదును; ఆతడు తెలుగువాడే. గోదావరిసీమ వారొకటి అందురు, పాలమూరు వారొకటి అందురు. తాడేపల్లిగూడెము ప్రాంతమున, తరతరములుగా సైన్యమునకు కుమారులను పంపి మిలిటరీ మాధవరమని పేరొందిన ఊరు కలదు; అట్టి ఊళ్ళ అరుగులపై కూర్చుండి, ఈ మాటలను జిల్లాలవారీగా ఏరి, ఫోనునొద్ద కూర్చుండు సలహాదారుల చేతికి ఇయ్యవలెనని ఇచట ఉన్న వైద్యవిద్యార్థులను ప్రార్థించుచున్నాను. ఒక వేసవి సెలవులలో కాగల పని.

తక్కినవారికి ఒక చిన్న విన్నపము. మీ ఊరిలోనో, వీధిలోనో మిలిటరీ ఆయన అని పిలుచుకొను పెద్ద ఒకరుందురు. పండుగనాడు కాక, వారమున ఒక దినము నిర్ణయించుకొని, ప్రతివారమును అదేవేళకు ఆయనకు ఫోను చేయుడు. ఎట్లున్నదని అడిగినచో బాగానే ఉన్నదనును. నిన్న ఎంతదూరము నడచితిరని అడుగుడు. టెలి మానస్ సంఖ్య 14416. ఆయన ఫోనులో దానిని మీచేతులతోనే ఎక్కించి ఇండు.